పాఠం ఆగిపోతే? రెండో ప్రణాళిక చరిత్ర



ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని భిలాయి ఉక్కు నగరంలో సెక్టర్ 2 ఒక నివాస ప్రాంతం. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు భిలాయి కర్మాగారం నిర్మాణం మొదలైంది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉద్యోగాల కోసం దేశం నలుమూలల నుంచి ఇక్కడికి వచ్చినవారిలో తెలుగువారు చాలామంది ఉన్నారు. వారి పిల్లల చదువుల కోసం సెక్టర్లలో పాఠశాలలు వెలిశాయి.

బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఒకసారి వెలిగిస్తే అది ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు మండుతూనే ఉండాలి. దాని గోడలను చల్లబరిచే నీరు ఆగితే ప్రమాదం. కరెంటు పోతే పంపులు ఆగిపోతాయి కదా! అందుకే ఉక్కు కర్మాగారాల్లో ఎత్తయిన ట్యాంకుల్లో నీరు నిల్వ ఉంచుతారు. ఆ నీరు కరెంటుతో పనిలేకుండా దానంతట అదే కిందికి దిగుతుంది. దీనిలో ఒక సూత్రం ఉంది. మొదటి ఏర్పాటు దేనిమీద ఆధారపడి ఉందో, రెండో ఏర్పాటు దానిమీదే ఆధారపడకూడదు.

ఈ సూత్రం తరగతి గదికీ వర్తిస్తుందా? అనుకున్న పద్ధతిలో పాఠం సాగనప్పుడు ఉపాధ్యాయులు, ప్రభుత్వాలు ఏం చేశాయి? చరిత్ర నుంచి నాలుగు సందర్భాలను పరిశీలిద్దాం.

ఇసుకలో అక్షరాలు

1789లో ఆండ్రూ బెల్ అనే మతబోధకుడు మద్రాసు ఎగ్మూరులోని సైనికుల పిల్లల అనాథాశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. అక్కడ చదువు సరిగా సాగడం లేదు. స్థానిక బడిలో పిల్లలు ఇసుకపై వేలితో అక్షరాలు దిద్దడం ఆయన చూశాడు. మన వీధి బడుల్లోనూ ఉన్న పద్ధతే అది. దాన్ని అమలు చేయమంటే ఆశ్రమంలోని ఉపాధ్యాయులు ముందుకు రాలేదు. అప్పుడు బెల్, జాన్ ఫ్రిస్కిన్ అనే ఎనిమిదేళ్ల విద్యార్థికి ఆ పని అప్పగించాడు. పిల్లవాడు తోటి పిల్లలకు నేర్పించగలిగాడు. ఈ అనుభవాన్ని బెల్ 1797లో పుస్తకంగా ప్రచురించాడు. 'మద్రాసు పద్ధతి' పేరుతో అది ఇంగ్లండు పాఠశాలలకు వ్యాపించింది. పలకలు, కాగితాలు, పెద్దల సహకారం ఇవేవీ లేకున్నా సాగిన పాఠం అది.

రేడియోలో బడి

1937 సెప్టెంబరులో అమెరికాలోని షికాగో నగరంలో పోలియో వ్యాపించడంతో బడులు తెరవలేదు. 3 నుంచి 8 తరగతుల విద్యార్థులు 3 లక్షల మందికి పైగా ఇళ్లలోనే ఉండిపోయారు. అధికారులు రేడియో ద్వారా పాఠాలు ప్రసారం చేయించారు. ఏ పాఠం ఎప్పుడు వస్తుందో, పిల్లలు ఏం చేయాలో పత్రికలు ముందుగానే అచ్చువేశాయి. సందేహాలు తీర్చడానికి టెలిఫోన్ దగ్గర ఉపాధ్యాయులు కూర్చున్నారు. అయినా లోపాలు లేకపోలేదు. రేడియో లేని ఇళ్ల పిల్లలు, ప్రసారం సరిగా అందని పిల్లలు వెనుకబడ్డారు.

అరువు తెచ్చుకున్న ఉపగ్రహం

ఇక మన దేశానికి వద్దాం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు 'సైట్' అనే ఉపగ్రహ బోధన ప్రయోగం జరిగింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మనం ఏడాదిపాటు వాడుకున్నాం. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మధ్యప్రదేశ్, ఒరిస్సా, బీహార్, రాజస్థాన్ రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలను ఎంపిక చేశారు. తెలుగు, కన్నడ, ఒరియా, హిందీ భాషల్లో ప్రసారాలు జరిగాయి. అప్పటి మధ్యప్రదేశ్‌లో భిలాయికి పొరుగునే ఉన్న రాయపూర్ ప్రాంతం కూడా ఈ ప్రయోగంలో ఉంది.

ఉదయం వేళ బడిపిల్లల కార్యక్రమానికి ఒక్కో భాషకు దక్కింది దాదాపు 22 నిమిషాలే. ఊళ్లో కరెంటు పోయినా, సెట్టు పాడైనా ఆ రోజు పాఠం చేజారినట్లే. అందువల్ల ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల సైన్సు శిక్షణను టెలివిజన్ ఒక్కదానిపైనే వదిలిపెట్టలేదు. రేడియో కార్యక్రమాలు, అచ్చు పాఠాలు, చేతులతో చేసే ప్రయోగాలు, పక్కన ఉండి నడిపించే శిక్షకుడు అన్నీ కలిపి ఇచ్చారు. దాదాపు 50 వేల మంది ఉపాధ్యాయులు ఇలా శిక్షణ పొందారు.

ఏడాది గడిచాక ఉపగ్రహం వెనక్కి వెళ్లిపోయింది. ఆ గ్రామాల్లో కొన్నింటికైనా ప్రసారాలు అందాలని 1977లో రాయపూర్, హైదరాబాద్ సహా కొన్ని కేంద్రాల్లో నేలమీది ట్రాన్స్‌మిటర్లు నెలకొల్పారు.

గుమ్మం నుంచి పేటకు

2020 మార్చిలో కోవిడ్ వల్ల దేశమంతటా బడులు మూతపడ్డాయి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఏప్రిల్ 7న 'పఢయీ తుంహర్ దువార్' అనే ఆన్‌లైన్ వేదికను ప్రారంభించింది. ఛత్తీస్‌గఢీ భాషలో ఆ మాటలకు 'మీ గుమ్మంలో చదువు' అని అర్థం. కానీ స్మార్ట్‌ఫోన్, సిగ్నల్ లేని పిల్లల మాటేమిటి? వారికోసం కొన్ని గ్రామాల్లో లౌడ్‌స్పీకర్ల ద్వారా పాఠాలు వినిపించారు. ఆడియో పాఠాలను బ్లూటూత్ ద్వారా ఫోన్ నుంచి ఫోన్‌కు పంపారు. ఆగస్టులో 'పఢయీ తుంహర్ పారా' అంటే 'మీ పేటలో చదువు' మొదలైంది. ఉపాధ్యాయులు, స్వచ్ఛంద కార్యకర్తలు పేటలకే వెళ్లి చిన్న చిన్న గుంపులకు బోధించారు. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు ప్రసారమయ్యాయి.

ఇంత చేసినా నష్టం తప్పలేదు. గ్రామీణ భారతంలో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం ఉండగా, 2022లో 20.5 శాతమే ఉన్నారని 'అసర్' సర్వే తెలిపింది. రెండో ప్రణాళికను ఆపద వచ్చాక వెతుక్కుంటే అది అందరికీ చేరేలోగా కాలం గడిచిపోతుంది.

మనం గ్రహించవలసింది

షికాగోలో రేడియో లేని బాలుడు, రాయపూర్ దగ్గరి పల్లెలో కరెంటు లేని బడి, ఛత్తీస్‌గఢ్‌లో ఫోన్ లేని బాలిక - ముగ్గురిదీ ఒకటే సమస్య. పాఠం మొత్తం ఒకే సాధనం మీద నిలబడింది. మద్రాసులోనూ, ఛత్తీస్‌గఢ్ పేటల్లోనూ చివరికి ఆదుకున్నది పిల్లల పక్కన కూర్చున్న మనిషే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సెక్టర్ 2లోని ఒక బడిలో భిలాయి చరిత్రను ప్రొజెక్టర్ మీద చూపించాలని టీచరు అనుకున్నారు. ఇంతలో కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌లో మరో వీడియో ఉన్నా అది రెండో ప్రణాళిక అనిపించుకోదు. దానిదీ అదే ఆధారం. నల్లబల్లపై 1955, 1959 అని గీత గీసి, "మీ తాతగారు ఏ ఊరి నుంచి, ఏ సంవత్సరం ఇక్కడికి వచ్చారు?" అని అడిగి, పిల్లలు చెప్పిన సంవత్సరాలను ఆ గీతపై చేర్చితే చరిత్ర పాఠం సాగుతుంది. అయితే ఈ పాఠం ద్వారా పిల్లలు ఏం నేర్చుకోవాలో టీచరుకు ముందే స్పష్టంగా తెలిసి ఉండాలి. సాధనం మారవచ్చు, లక్ష్యం మారకూడదు.

ఆలోచించండి

1. సైట్ ప్రయోగంలో ఉపాధ్యాయుల శిక్షణకు టెలివిజన్‌తో పాటు రేడియో, అచ్చు పాఠాలు ఎందుకు అవసరమయ్యాయి?

2. మీ తరగతిలో రేపటి పాఠం దేనిమీద ఆధారపడి ఉంది? అది లేకపోతే మీరు ఆ పాఠాన్ని ఎలా నేర్చుకుంటారు?