భూకంప తరంగములు దారిలో ఏల సన్నగిల్లును?

హైదరాబాదుకు తూర్పున, హబ్సిగూడనుండి ఉప్పలుకు పోవు దారిలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. 1961లో స్థాపింపబడిన ఈ సంస్థ పేరే నేడు అక్కడి మెట్రో స్టేషనుకును వచ్చినది. చేరువనే నాచారం పారిశ్రామిక వాడ. లారీలు, యంత్రములు రేయింబవళ్లు నేలను అదరించుచునే యుండును. అయినను సంస్థ ఆవరణలోని భూకంపలేఖిని వేల కిలోమీటర్ల దూరమున పుట్టిన పెద్ద భూకంపములను గుర్తించుచున్నది. ఇది ఎట్లు సాధ్యము?

తరంగము ముందుకు సాగినకొలది దాని శక్తి ఎక్కువ మేర పరచుకొని పలుచబడును. ఇదిగాక మరి రెండు కారణములు కలవు. శిలలోని రేణువుల ఒరపిడివలన, పగుళ్లలోని నీటి కదలికవలన కొంత శక్తి వేడిగా మారును. ఇది శోషణము. పగుళ్లు, వేర్వేరు శిలల హద్దులు తగిలి తరంగము నలుదెసలకు చెదరును. ఇది పరిక్షేపణము. మొదటి దానిలో శక్తి కంపరూపమును కోల్పోవును. రెండవ దానిలో దారి మాత్రమే తప్పును.

1969 సంవత్సరము ఈ భేదమును చక్కగా చూపినది. ఆ నవంబరులో అపోలో 12 యాత్రికులు విడిచిన నౌకాభాగము చంద్రునిపై పడగా, అచటి నేల దాదాపు గంటసేపు కంపించినది. చంద్రుని పైపొర పగుళ్లమయము గనుక పరిక్షేపణము హెచ్చు. నీరు లేదు గనుక శోషణము స్వల్పము. భూకంపలేఖపై ప్రధాన తరంగముల వెనుక కనిపించు పొడుగాటి తోక ఇట్లు చెదరి తిరిగివచ్చిన తరంగములదేయని జపాను శాస్త్రజ్ఞుడు కెయిటి అకి వివరించినదియు ఆ సంవత్సరముననే.

ఈ క్షీణతను ‘క్యూ’ అను సంఖ్యతో కొలుతురు. క్యూ ఎక్కువయైన శిలలో నష్టము తక్కువ. క్యూ 1000 అయినచో ఒక్కొక్క కంపనమునకు పోవు శక్తి నూటికి 0.6 వంతు మాత్రమే. సెకనుకు 3.5 కిలోమీటర్ల వేగముగల తరంగము 350 కిలోమీటర్లు పోవుటకు 100 సెకనులు పట్టును. సెకనుకొక్కసారి ఊగు తరంగము అంతలో 100 సార్లే ఊగును; దాని కంపన పరిమితిలో నూటికి 73 వంతులు మిగులును. సెకనుకు 10 సార్లు ఊగునది 1000 సార్లు ఊగి, 4 వంతులకు దిగజారును. ఈ లెక్కలో శక్తి పరచుకొనుటను చేర్చలేదు. లారీల చురుకైన అదురు త్వరగా అణగుటకును, దూరపు భూకంపముల నిదానమైన ఊగు చేరుటకును కారణమిదియే. క్యూ 200 మాత్రమే అయినచో ఆ నిదానపు తరంగములోను అయిదవవంతే మిగులును.

ఇది కేవలము లెక్క కాదు. దక్షిణాపథము కదలని గట్టినేలయను నమ్మకమును 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున కోయనా భూకంపము చెదరగొట్టినది. 1993 సెప్టెంబరు 30న కిల్లారి భూకంపము వేలమందిని బలిగొన్నది. దాని అదురు సుమారు 220 కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదుకును తెలిసినది. హిమాలయములవంటి నలిగిన ప్రాంతములకంటె, మన పురాతన శిలలలో తరంగములు సాధారణముగా తక్కువగా క్షీణించును. కావున ఒకే పరిమాణముగల భూకంపము ఇచట మరింత దూరము తెలియును.

ఆనకట్టకు, వంతెనకు, బడికి ఎంత బలము కావలెనో నిర్ణయించు ఇంజనీరు, భూకంపము ఎంత పెద్దదని మాత్రమే అడిగిన చాలదు. నడుమనున్న నేల దానిని ఎంతవరకు మోసుకొనివచ్చునో కూడ అడుగవలెను. దానికి సమాధానము మన కాలిక్రింది రాతిలోనే కలదు.