రెండు దారుల బండి

పొందూరు అనగానే ఎవరికైనా ఖద్దరు గుర్తుకు వస్తుంది. వాలుగ చేప దవడతో దూదిని ఏకి, సన్నని నూలు వడికే ఊరు మాది. అటువంటి ఊరి నుండి మోటారు సైకిలు చరిత్ర వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని రాట్నానికీ చక్రమే ప్రాణం, బండికీ చక్రమే ప్రాణం. చేతనున్న యంత్రాన్ని తన నేలకు, తన పనికి తగినట్లు దిద్దుకొనే నేర్పు రెండింటికీ ఒకటే. ఈ వ్యాసం ఆ నేర్పును గురించినది.

ముందుగా మాటను చూద్దాం. సంస్కృతంలో 'వహ్' ధాతువు నుండి వాహనం అన్న మాట పుట్టింది. ప్రవాహం, వివాహం ఆ ధాతువుకు పుట్టిన తోబుట్టువులే. తెలుగువాడు మాత్రం ఇంజను తగిలించుకొని వచ్చిన ఈ కొత్త వాహనానికి సంస్కృతం వెదకలేదు. ఎడ్లబండికి ఉన్న పేరునే దానికీ పెట్టి, 'బండి' అన్నాడు. పేరుతో పాటు ఒక అపేక్ష కూడ సంక్రమించింది. ఎడ్లబండి రాజబాటనూ నడవాలి, పొలం గట్టు పక్కనా నడవాలి, ఏటి ఇసుకలోనూ దిగాలి. ఇనుప బండి నుండి కూడ మన పల్లెలు అదే కోరాయి.

ఇంగ్లీషులో 'డ్యూయల్ స్పోర్ట్' అని ఒక తరగతి మోటారు సైకిళ్లు ఉన్నాయి. తారురోడ్డు మీద చట్టబద్ధంగా నడుస్తూనే, రోడ్డు అంతరించిన చోట మట్టిలో, రాళ్లలో సాగిపోగల బండ్లు ఇవి. నేలకు, ఇంజను అడుగు భాగానికి నడుమ ఎడం ఎక్కువ. ముందు చక్రం పెద్దది. షాకబ్సార్బర్లు ఎక్కువ దూరం కుంగి లేస్తాయి. సైలెన్సరు నీట మునగకుండ ఎత్తున ఉంటుంది. టైర్ల మీది గళ్లు మట్టిని పట్టుకొనేటట్లు లోతుగా ఉంటాయి. 1968లో యమహా సంస్థ అమెరికా విపణికి పంపిన డీటీ-1 ఈ తరగతిని జనసామాన్యానికి పరిచయం చేసిందని చరిత్రకారులు చెబుతారు. అంతకు ముందు యువకులు మామూలు బండ్లనే కొని, అక్కరలేని భాగాలు ఊడదీసి, సైలెన్సరు పైకి ఎత్తించి, కొండదారుల్లో తిప్పేవారు. వాటిని 'స్క్రాంబ్లర్లు' అన్నారు. అనగా ఈ తరగతి తొలుత పుట్టింది కర్మాగారంలో కాదు, వాడుకరుల చేతుల్లో. ఈ సంగతి మనం మరవరాదు.

మన దేశపు కథ బుల్లెట్టుతో మొదలుపెట్టాలి. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ రెండవ ప్రపంచ యుద్ధం తరువాత బుల్లెట్టును కొత్తగా రూపొందించింది. వెనుక చక్రానికి ఊగే చేయి, దానికి షాకబ్సార్బర్లు అమర్చడం నాటికి సాహసమే. 1948లో ఇటలీలో జరిగిన అంతర్జాతీయ ఆరు దినాల పరీక్షలో ఈ బండ్లపై వెళ్లినవారు బంగారు పతకాలు గెలిచారు. ఆ పరీక్ష నున్నని రోడ్డు మీది పందెం కాదు, కొండలలో, బురదలో ఓర్పును కొలిచే పోటీ. అంటే మనకు వచ్చిన బుల్లెట్టు పుట్టుకతోనే రెండు దారుల బండి. సరిహద్దుల కాపలాకు భారత సైన్యం దానిని ఎన్నుకొనడంలో ఆశ్చర్యం లేదు. 1955లో మద్రాసు మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసు సమీపాన తిరువొత్తియూరులో కర్మాగారం వెలసింది. ఇంగ్లండులోని మాతృసంస్థ కొంత కాలానికి మూతపడినా, తిరువొత్తియూరు బుల్లెట్టు ఆగలేదు.

దాని ఇంజను లక్షణం కూడ చెప్పుకొనాలి. 346 సీసీ ఇంజనులో సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణించే దూరం 90 మిల్లీమీటర్లు. ఇలా పొడవుగా కదిలే పిస్టను తక్కువ వేగంలోనే ఎక్కువ లాగుడు ఇస్తుంది. బురదలోనైనా, బరువు మోసేటప్పుడైనా కావలసినది ఈ గుణమే. పాత బుల్లెట్టును స్టార్టు చేయడం ఒక విద్య. డీకంప్రెసర్ మీట నొక్కి, అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చే వరకు కిక్కు రాడ్డును నెమ్మదిగా తిప్పి, ఆపైన ఒక్క తన్ను తన్నాలి. క్రమం తప్పితే కాలు వాచేది.

1960 దశకం తొలినాళ్లలో మరి రెండు బండ్లు వచ్చాయి. మైసూరులో ఐడియల్ జావా సంస్థ చెక్ దేశపు జావాను తయారు చేసింది. అదే తరువాత యెజ్డీ అయింది. 1996లో ఆ కర్మాగారం మూతపడింది. ఎస్కార్ట్స్ సంస్థ పోలండు దేశపు నమూనాతో రాజ్‌దూత్ 175ను తెచ్చింది. ఈ రెండూ టూస్ట్రోక్ బండ్లు. పెట్రోలులో నూనె కలిపి పోయాలి. పొగ ఎక్కువ, కాని భాగాలు తక్కువ. వాల్వులు లేవు, వాటి సర్దుబాటూ లేదు. ఒక స్పానరు, ఒక స్క్రూడ్రైవరు, ఒక ఉప్పు కాగితం ముక్క ఉంటే చాలు. కాంటాక్టు పాయింట్లను ఆ కాగితంతో రుద్ది, ప్లగ్గు మసి గీకి, కార్బ్యురేటరు జెట్టును ఊది, చెట్టు నీడనే బండిని మళ్లీ నడిపించేవారు. పాలవాళ్లు రాజ్‌దూత్‌ను ప్రేమించినది అందుకే.

ఆ రోజుల్లో కొత్త బండికి డబ్బు కట్టి నెలల తరబడి, కొన్నిటికి సంవత్సరాల తరబడి ఎదురుచూడాలి. కనుక ఉన్న బండిని కాపాడుకొనడం వినోదం కాదు, అవసరం. పిస్టను అరిగితే సిలిండరుకు 'బోరు కొట్టించి' పెద్ద పిస్టను వేసేవారు. బరువు మోయాలంటే వెనుక పళ్లచక్రాన్ని ఎక్కువ పళ్లున్న దానితో మార్చేవారు. వేగం తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది. ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టిన చేతులే చైనుకూ నూనె పెట్టాయి. వానాకాలం బురదలో తిరిగిన చైనును కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి నూనె రాయకపోతే నెలలోపే సాగిపోతుందని పుస్తకం చూడకుండానే వారికి తెలుసు.

మన శ్రీకాకుళం సీమకు ఈ విద్య మరింత అవసరమైంది. సముద్రతీరానికి సమాంతరంగా జాతీయ రహదారి, రైలుమార్గం సాగుతాయి. అక్కడి నుండి కొద్ది మైళ్లు పడమటికి పోతే చెరువు గట్లు, గరపనేల బాటలు, ఇంకా పోతే కొండలు. స్వర్ణ చతుర్భుజి పథకంలో రహదారి నాలుగు వరుసలైంది. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఎన్నో పల్లెలకు తారు తెచ్చింది. అయినా ఒకే మనిషి ఒకే పూటలో నున్నని రహదారినీ, గతుకుల బాటనూ దాటవలసిన పరిస్థితి పూర్తిగా పోలేదు. చేపల బుట్టల కొరకు ఇనుప చట్రం, పాల క్యాన్లకు కొక్కేలు, బట్టల మూటలకు వెడల్పు క్యారియరు, చీర చక్రంలో పడకుండ జాలీ, పడినప్పుడు ఇంజను పగలకుండ కాపు కడ్డీ, ఇవన్నీ మన వెల్డింగు షెడ్లు చేసిన మార్పులు. 1980లో హోసూరు నుండి వచ్చిన టీవీఎస్ 50, దాని సంతతి అయిన ఎక్సెల్ బండ్లు ఈ మార్పులకు మిక్కిలి లొంగాయి. విలాసంగా డ్యూయల్ స్పోర్ట్ అన్న పేరు వాటికి ఎవరూ పెట్టలేదు గాని, బియ్యం బస్తా వేసుకొని గట్టు మీద, సంతలో, రహదారిపై సమానంగా నడిచిన బండి అదే.

ఇక్కడ రాట్నం కథ ఒకటి జ్ఞాపకం చేసుకొనడం ఉచితం. 1929లో గాంధీజీ నాయకత్వంలోని అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నం చేసినవారికి లక్ష రూపాయల బహుమానం ప్రకటించింది. ఎక్కువ నూలు తీస్తే చాలదు. పల్లె గుడిసెలో పనిచేయాలి. స్త్రీ అధిక శ్రమ లేకుండ ఎనిమిది గంటలు నడపగలగాలి. వెల 150 రూపాయలు మించరాదు. ఏళ్ల తరబడి మన్నాలి. షరతులన్నిటినీ తీర్చిన యంత్రం రాక ఆ బహుమానం ఎవరికీ దక్కలేదు. కాని ఆ షరతులే ఒక గొప్ప పాఠం. యంత్రం ఎంత శక్తిమంతమన్నది ఒక ప్రశ్న. అది ఎవరి ఇంట నిలుస్తుంది, ఎవరి చేతికి లొంగుతుంది అన్నది అంతకన్న పెద్ద ప్రశ్న. మోటారు సైకిలును కూడ ఈ గీటురాయి మీదనే గీయాలి.

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. పెట్రోలు పోసి మరచిపోవచ్చునన్న ప్రచారంతో ఫోర్ స్ట్రోక్ యుగం ఇంటింటికీ చేరింది. బండిని మరచిపోవడం సుఖమే. కాని మరచిపోయినది బండిని మాత్రమేనా, దానిని విప్పే విద్యను కూడానా? 2011లో హీరో ఇంపల్స్, 2016లో 411 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 రావడంతో కర్మాగారమే రెండు దారుల బండిని తయారుచేసి ఇవ్వసాగింది. హిమాలయన్‌కు ముందు చక్రం 21 అంగుళాలు, నేలకు ఎడం 220 మిల్లీమీటర్లు. 2023లో దాని స్థానంలోకి నీటితో చల్లబడే 450 వచ్చింది.

2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 నియమాలు అమలైనాయి. కార్బ్యురేటరు తప్పుకొని, పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్టరు, దానిని శాసించే చిన్న కంప్యూటరు ప్రవేశించాయి. పొగ తగ్గింది, కొండ ఎక్కినప్పుడు గాలి పలుచబడినా ఇంజను తనంత తాను సర్దుకొంటుంది. ఇది మేలే, సందేహం లేదు. పాత టూస్ట్రోక్ పొగను ఎవరూ మరల కోరరు. కాని చెట్టు నీడన ఉప్పు కాగితంతో నయమయ్యే రోగం నేడు లాప్‌టాప్ కలిపితే గాని తెలియదు. ఏబీఎస్ సంగతీ అంతే. తారు మీద ప్రాణం కాపాడుతుంది, వదులు మట్టి దిగుడులో వెనుక చక్రాన్ని ఆపనివ్వదు. అందుకే మట్టిదారి బండ్లలో వెనుక ఏబీఎస్‌ను ఆపుకొనే మీట పెట్టవలసి వచ్చింది. రెండు దారులకు రెండు ధర్మాలు ఉన్నవని యంత్రశాస్త్రమే ఒప్పుకొన్నట్లయింది.

చట్టం మాటేమిటి? 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన లక్షణాలకు విరుద్ధంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో కేరళకు చెందిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పింది. అదే సంవత్సరపు సవరణ చట్టం శిక్షలను పెంచింది. సైలెన్సరు లోపలి అడ్డులు పీకించి వీధులు దద్దరిల్లజేసే వారిని చూస్తే ఈ కాఠిన్యం సబబే అనిపిస్తుంది. పలు నగరాల్లో పోలీసులు అటువంటి సైలెన్సర్లను రోడ్డు రోలరు కింద తొక్కించారు కూడ. అయితే దివ్యాంగుల కొరకు బండిని అనువుగా మార్చడానికి అదే చట్టం దారి ఇస్తున్నది. 2018లో ప్రభుత్వమే మన సీతంపేట మొదలైన గిరిజన ప్రాంతాలకు ఫీడర్ అంబులెన్సులను ఇచ్చింది. ఇవి రోగిని తీసుకొని పోయేటట్లు మార్చిన మోటారు సైకిళ్లే. పెద్ద అంబులెన్సు ఎక్కలేని కొండదారిలో, డోలీ మోత తప్పించడానికి. ఒకే వెల్డింగు నిప్పురవ్వ ఒకచోట చెవులు చిల్లులు పొడిచే చప్పుడు అవుతుంది, మరొకచోట నిండుచూలాలికి ప్రాణం అవుతుంది. మార్పు మంచిదా చెడ్డదా అని అడగడం వ్యాకరణ దోషం. ఎవరి కొరకు అన్న చతుర్థీ విభక్తి చేరితే గాని ఆ వాక్యం పూర్తి కాదు.

చివరగా పాఠకులకు ఒక మనవి. సేనాధిపతుల చరిత్ర శాసనాలలో ఉంది. ఖద్దరు చరిత్ర పుస్తకాలకెక్కింది. నలభై ఏళ్లు మన బండ్లను నడిపించిన మెకానిక్కుల చరిత్ర మాత్రం ఏ కాగితం మీదా లేదు. బోరు కొట్టించడం, బెండు తీయడం, పళ్లచక్రం, కాపు కడ్డీ వంటి మాటలు వారు పుట్టించిన తెలుగు. పాయింట్లు పోయాయి, కార్బ్యురేటరు పోయింది, వాటితో పాటు ఆ మాటలూ వెళ్లిపోతున్నాయి. మీ ఊరి వెల్డింగు షెడ్డులో, మెకానిక్కు కొట్టులో తల నెరసినవారు ఉంటే ఒక సాయంత్రం కూర్చుని, వారు చెప్పేది వారి మాటల్లోనే వ్రాసిపెట్టండి. నిఘంటువులకు ఆ మాటలు దక్కవలసినవి ఇప్పుడే.