సుద్రే అంగీలోని చిన్న సంచి

సూరత్ నుండి హజీరాకు పోయే బాటలో ఇచ్ఛాపూర్ అనే ఊరు కలదు. ఈ తపతీ తీరముననే పార్సీలు తమ కర్మకాండ యొక్క అర్థమును గూర్చి రెండు శతాబ్దులకు పైగా తర్జనభర్జన పడినారు.

పార్సీ బిడ్డకు నవజోత్ సంస్కారమున సుద్రే అనే తెల్లని అంగీని తొడిగి, కుస్తీ అనే ఉన్ని మొలత్రాటిని ముమ్మారు చుట్టుదురు. (మల్లుల కుస్తీ కాదిది.) త్రాటిలోని పోగులు 72, యస్న గ్రంథమున అధ్యాయములు 72. అంగీ కంఠభాగమున చిన్న సంచి ఒకటి కుట్టబడి యుండును. అందు పుణ్యకార్యములు చేరునని పెద్దల మాట. చేరుట నిజముగనా, లేక పుణ్యమును కూడబెట్టుకొమ్మని హెచ్చరికగనా?

తొలినాటి వారికి ఈ ప్రశ్నయే తోచలేదు. ప్రార్థనయందు ఆనాటి తిథిని, మాసమును పేర్కొనవలెను. ఇరానీ పంచాంగమునకు, ఇచ్చటి దానికి నెల తేడా ఉన్నదని తెలియగా, 1745లో సూరత్ పార్సీలలో కొందరు ఇరానీ గణనను స్వీకరించి కద్మీలైనారు. ఆ చీలిక భరూచ్‌లో కొట్లాటలకు దారితీసినది. తప్పు మాసమున చేసిన ప్రార్థన వ్యర్థమని భయపడిన వానికి కర్మ సంకేతమాత్రము కానేరదు.

1843లో జాన్ విల్సన్ అను మిషనరీ పార్సీ మతమును ఖండించుచు గ్రంథము ప్రకటించిన పిమ్మట, చదువుకొన్నవారికి సమాధానము చెప్పక తప్పలేదు. జీవన్‌జీ మోదీ 1922 నాటి తన బృహద్గ్రంథమున తెలుపు నైర్మల్యమునకు, మూడు చుట్లు సుమతి, సువాక్కు, సుకర్మలకు గుర్తులని వివరించినాడు. 1875లో సూరత్‌లోనే జన్మించి, కొలంబియా విశ్వవిద్యాలయమున చదివి, కరాచీ ప్రధానార్చకుడైన మానెక్‌జీ ధల్లా నీతికే అగ్రస్థానమిచ్చినాడు. అదే నగరమున నివసించిన బెహ్రాంషా ష్రాఫ్ మాత్రము ఇల్మె క్ష్నూమ్ అను గూఢవిద్యను బోధించి, మంత్రనాదమునకు, ఈ వస్త్రమునకు సూక్ష్మలోకమున వాస్తవమైన ప్రభావము కలదనినాడు.

1842లో అమెరికాలోని నావూలో జోసెఫ్ స్మిత్ ప్రవేశపెట్టిన మోర్మన్ ఆలయ దీక్షావస్త్రమును గూర్చియు ఇదే సందేహము: అది కవచమా, జ్ఞాపికయా?

మోదీ వివరణ సొగసైనదే. కాని అంగీ కేవలము జ్ఞాపికయైనచో, జ్ఞాపకమున్నవాడు దానిని విడువవచ్చును గదా! ష్రాఫ్ అనుయాయులకు ఆ చిక్కు లేదు. వారికి శాస్త్రజ్ఞుల పరిహాసమే చిక్కు. ఈ వాదములను ఎరుగని గృహిణి ప్రాతఃకాలమున ముఖము కడిగికొని, కుస్తీని విప్పి, మంత్రము చదువుచు మరల ముడివేసికొనును.