సీసాలో ఓడ

మూతి చూస్తే బొటనవేలు దూరదు. లోపల చూస్తే మూడు స్తంభాల తెరచాప ఓడ, తాళ్లూ జెండాలతో సహా, నీలం సముద్రం మీద ఠీవిగా నిలబడి ఉంటుంది. దీన్ని మొదటిసారి చూసినవాళ్లు ఎవరైనా అనేది ఒకటే మాట: "సీసా అడుగు కోసి మళ్లీ అతికించి ఉంటారు." మావారైతే గాజు ఊదేటప్పుడే ఓడను లోపల పెట్టేస్తారని ఘంటాపథంగా చెప్పారు. కరిగిన గాజు వేడికి కొయ్య ఓడ బూడిదైపోదుటండీ అంటే, పేపరు అడ్డం పెట్టుకున్నారు.

నిజానికి ఓడ మూతిలోంచే వెళుతుంది. కాకపోతే పడుకుని వెళుతుంది! ఓడ ఒళ్లు సీసా మెడ కన్న సన్నంగా చెక్కుతారు. స్తంభాలను మొదట్లో మడతపడేటట్లు బిగించి, ముడిచిన గొడుగులా వెనక్కి వాల్చేస్తారు. ప్రతి స్తంభానికీ కట్టిన దారం ఓడ ముక్కుదగ్గర సన్నని బెజ్జంలోంచి బయటికి వస్తుంది. సీసాలో ముందే నీలం రంగు కలిపిన లప్పం పరిచి అలలు తీర్చి ఉంచుతారు. దానిమీద ఓడను ఆనించి, బయటినుంచి దారాలు మెల్లిగా లాగితే స్తంభాలు లేచి నిలబడతాయి, తెరచాపలు విచ్చుకుంటాయి. ముడులకు జిగురు పెట్టి, మిగిలిన దారం కోసేయడమే. దారం తెగిందో, నెలల తరబడి చేసిన పని సీసాలోనే కూలబడుతుంది.

ఇది నావికులు కనిపెట్టిన విద్య అనుకుంటాం గానీ, ఓడల కన్న ముందే సీసాల్లోకి చాలా వస్తువులు దూరాయి. మధ్య యూరపు గని కార్మికులు సీసాలో గనిని అంతస్తులు అంతస్తులుగా కట్టేవారు. అక్కడ మడతలూ దారాలూ లేవు. ముక్క ముక్కా లోపలికి పంపి పొడుగాటి పుల్లలతో అమర్చడమే. జర్మన్లు వీటికి 'ఓర్పు సీసాలు' అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవారికి దణ్ణం పెట్టాలి.

ఆ ఓర్పుగలవారిలో మథియాస్ బుకింగర్ కథ వింటే ముక్కున వేలేసుకుంటారు. 1674లో జర్మనీలోని ఆన్స్‌బాఖ్‌లో పుట్టాడు. చేతులకు అరచేతులు లేవు, కాళ్లకు పిక్కలు లేవు, ఎత్తు రెండున్నర అడుగులు కూడా లేడు. అయినా వాద్యాలు వాయించాడు, గారడీ చేశాడు. 1724లో తన బొమ్మ తానే గీసుకుంటూ, జుట్టు ఉంగరాల్లో బైబిలు కీర్తనలు కంటికానని అక్షరాలతో రాశాడు. నాలుగు పెళ్లిళ్లు, పద్నాలుగు మంది పిల్లలు—అది వేరే సంగతి. 1719 నాటి ఆయన సీసా ఒకటి ఉంది. పది వేళ్లూ ఉన్న మనం ఇరుకు మూతి నూనె సీసా కడగడానికి విసుక్కుంటాం!

తేదీ తెలిసిన సీసా ఓడలన్నిటిలోకీ పాతది 1784 నాటిది. జియోనీ బియోండో అనే ఇటలీ పేరు గలాయన చేశాడు. జర్మనీలోని లూబెక్ మ్యూజియంలో ఉంది. ఆ తర్వాత కూడా చాలాకాలం ఇవి అరుదే. సీసాల గాజు మందంగా, పచ్చపచ్చగా ఉంటే లోపలి ఓడ ఎవరికి కనిపిస్తుంది? తెల్లగాజు సీసాలు చవకయ్యాక, అంటే 19వ శతాబ్దం రెండో సగంలో, ఓడలు జోరుగా సీసాలెక్కాయి.

సరిగ్గా అప్పుడే అసలు ఓడలకు కాలం చెల్లింది. సూయజ్ కాలువ 1869 నవంబరు 17న తెరిచారు. చైనానుంచి తేయాకు తేవడానికి కట్టిన కట్టీ సార్క్ అనే తెరచాప ఓడ స్కాట్లండులో నీళ్లలోకి దిగింది అదే నెల 22న. ఐదు రోజుల తేడా! ఆ కాలువలో గాలివాటు ఓడలకు సుళువు లేదు, పొగ ఓడలు దగ్గర దారిన వచ్చి తేయాకు బేరం తన్నుకుపోయాయి. కట్టీ సార్క్ ఆస్ట్రేలియా ఉన్ని మోసి బతికింది.

ఊగే ఓడమీదే నావికులు ఇవన్నీ చేశారంటే నాకు నమ్మబుద్ధి కాదు. చెక్కడం అక్కడ సాగుతుందేమో గానీ, ఆఖరి దారం లాగడానికి కదలని బల్ల కావాలి. పుట్టింటి ఇల్లు అమ్మేశాక, నుయ్యి ఇక్కడ, తులసికోట అక్కడ అని నేలమీద వేలితో గీసి చూపించే పెద్దవాళ్లున్నారే—పని పోయి ఒడ్డున కూర్చున్న నావికుడు అలాగే ఏ తాడు ఏ స్తంభానికో మరిచిపోకుండా కట్టి ఉంటాడనిపిస్తుంది.

ఇటీవలి ముచ్చట ఒకటి చెప్పాలి. 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ ఎక్కిన విక్టరీ ఓడకు నమూనా చేసి, మనిషిని మించిన సీసాలో పెట్టి, 2010లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నిలిపాడు యింకా షోనిబారే. లండన్‌లో పుట్టి నైజీరియాలో పెరిగిన కళాకారుడాయన. తెరచాపలు 37, అన్నీ రంగురంగుల అద్దకం గుడ్డ పోలికే. ఆ గుడ్డ చరిత్ర ఇంకా చిత్రం: ఇండోనేషియా బాటిక్‌ను డచ్చివాళ్లు మరమీద అనుకరించి పశ్చిమ ఆఫ్రికాలో అమ్మితే, అక్కడి ఆడవాళ్లు దాన్ని తమ సొంతం చేసేసుకున్నారు. ప్రజలు చందాలు పోగు చేసి ఆ సీసాను 2012లో గ్రీనిచ్ మ్యూజియానికి కొనిపెట్టారు. కట్టీ సార్క్ కూడా 1954 నుంచి గ్రీనిచ్‌లోనే లంగరు వేసుకుని ఉంది. ఎవరైనా లండన్ వెళితే రెండూ ఒకే పూట చూసి రావచ్చు.