వయసడగని వందేళ్లు

విజయవాడలో కృష్ణ మీది బ్యారేజీకి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరుంది. కల్లు విషయంలో ఆయన ప్రభుత్వమే కూలిపోయిందన్న సంగతి మాత్రం ఈ తరానికి అంతగా తెలియదు. 1954 నవంబరు 6న కర్నూలులో ఆంధ్ర రాష్ట్ర శాసనసభ అవిశ్వాస తీర్మానాన్ని ఒక్క ఓటు తేడాతో ఆమోదించింది. రాష్ట్రం పుట్టి అప్పటికి పదమూడు నెలలే. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా అమలైన మద్యనిషేధం కొత్త రాష్ట్రానికి వారసత్వంగా వచ్చింది. దాన్ని ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ సిఫారసు చేసింది. ఉపాధి పోయిన గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న సత్యాగ్రహం నడిపారు. ప్రభుత్వం ఎటూ తేల్చలేదు, పడిపోయింది.

ఆ రోజు సభ తేల్చాలనుకున్నది దుకాణం మూయాలా, తెరవాలా అన్నది. దానికి ముందూ తర్వాతా వందేళ్లుగా మనం కొట్లాడుతున్నది ఆ ఒక్క ప్రశ్న మీదే. దుకాణం తెరిచి ఉన్నప్పుడు దాని ముందుకొచ్చి నిలబడ్డ కుర్రాడి వయసెంత అన్న ప్రశ్న మన ఉద్యమాల్లో గానీ, ఎన్నికల్లో గానీ గట్టిగా వినిపించలేదు. చట్టంలో జవాబు ఉంది: ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండని వారికి మద్యం అమ్మకూడదు. ఆ అంకె కోసం ఎవరూ పోరాడలేదు. అందుకే కాబోలు, దాన్ని కాపాడాలని కూడా ఎవరికీ అనిపించడం లేదు.

కృష్ణా డెల్టాలో తాగుడంటే మొదట కల్లే. దివిసీమ నుంచి గుడివాడ దాకా కాలవగట్ల మీద, చేలగట్ల మీద తాడిచెట్లు. గీత కార్మికుడు మోకు వేసుకుని తెల్లవారకముందే చెట్టెక్కుతాడు, సాయంత్రం మళ్లీ ఎక్కుతాడు. కుండ లోపల సున్నం పూస్తే దిగేది నీరా, పిల్లలూ తాగొచ్చు. సున్నం లేకపోతే కుండలో పడుతుండగానే పులియడం మొదలవుతుంది. మధ్యాహ్నానికి నురగ కట్టి, వాసన మారి, మత్తెక్కించే కల్లవుతుంది. పొద్దుటి కల్లు చలవ అనే మాట మన పల్లెల్లో పాతదే. ఆ మాట చాటున ఇంట్లో పిల్లలకూ ఒక గుక్క అందేది. పెద్దల కళ్లెదుట అందిన ఆ గుక్కకీ, ఈనాడు హాస్టల్ కుర్రాడు చాటుగా తెచ్చుకునే సీసాకీ మధ్య చాలా దూరం ఉంది.

బ్రిటిష్ ప్రభుత్వానికి ఈ చెట్లు రాబడి. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం కింద చెట్టుకు పన్ను, దుకాణానికి వేలంపాట. మద్రాసు రాష్ట్ర ఖజానాలో భూమిశిస్తు తర్వాత పెద్ద పద్దు ఆబ్కారీదే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. ఇప్పుడు బందరు రోడ్డులో బాపూ మ్యూజియం ఉన్న చోటనే పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించారు. జెండా కథ అందరూ చెబుతారు. ఆ సహాయ నిరాకరణ రోజుల్లోనే కల్లు దుకాణాల ముందు పికెటింగ్ ఊరూరా సాగిన సంగతి దాని నీడలో పడిపోయింది. 1931 గాంధీ-ఇర్విన్ ఒప్పందం శాంతియుత పికెటింగ్‌ను అనుమతించింది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో నిషేధం మొదలుపెట్టి, తగ్గిన ఆబ్కారీ రాబడిని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చింది. నిషేధం పోయింది, పన్ను ఉండిపోయింది.

1960ల చివర కోస్తాలో దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి. 1968లో ఎక్సైజ్ చట్టం వచ్చింది. అసలు మార్పు తెచ్చింది మాత్రం 1980ల్లో వారుణి వాహిని పేరుతో వచ్చిన సారా ప్యాకెట్. కల్లు తాగాలంటే చెట్టు కిందకో, పాకకో వెళ్లాలి. నలుగురూ చూస్తారు, మీ నాన్నకు చెబుతామంటారు. ప్యాకెట్‌కు ఆ బెడద లేదు. చొక్కా జేబులో పడుతుంది, మూల పళ్లతో కొరికితే చాలు. పల్లెల్లో కుర్రాళ్ల తాగుడికి ఉన్న ఒకే ఒక్క కాపలా ఊరి కన్ను. ప్యాకెట్ దాన్ని తప్పించింది.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరదీపం రాత్రిబడుల్లో చదువుకుని, సారా దుకాణం ముందు నిలబడ్డారు. వాళ్లలో రోసమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టి, బెజవాడ హోటళ్లకు పాలు పోసి చదువుకున్న ఎన్.టి. రామారావు 1994 డిసెంబరు 12న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వేదిక మీదే సంపూర్ణ నిషేధం ఫైలుపై సంతకం పెట్టారు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తివేసింది.

బయటి దేశాల్లోనూ ఈ విషయంలో ముందు నడిచింది ఆడవాళ్లే. కానీ వాళ్లు వయసును పట్టుకున్నారు. బ్రిటిష్ పార్లమెంటులో అడుగుపెట్టిన తొలి మహిళ నాన్సీ ఆస్టర్ 1923లో 18 ఏళ్లలోపు వారికి మద్యం అమ్మకూడదన్న బిల్లు నెగ్గించుకున్నారు. అమెరికాలో ఓటు వయసు 18కి దిగాక చాలా రాష్ట్రాలు తాగే వయసునూ దించాయి. రోడ్ల మీద పిల్లలు చచ్చిపోతుంటే తల్లులు సంఘం కట్టారు. 1984 చట్టం 21 ఏళ్ల హద్దు పెట్టని రాష్ట్రానికి రహదారి నిధుల్లో కోత పెట్టింది. 1988కల్లా అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి. అక్కడ ఇరవై ఏళ్ల యువకుణ్ని ఏ దుకాణమైనా గుర్తింపు కార్డు అడుగుతుంది. మన అమ్మలు దుకాణాన్నే మూయించారు. వాళ్ల పోరాటం గొప్పది. అయితే తలుపు మళ్లీ తెరుచుకున్న రోజున వాళ్ల చేతిలో ఏ నిబంధనా మిగల్లేదు.

18 ఏళ్లకు ఓటు ఉంది, లైసెన్సు ఉంది, గ్లాసు ఎందుకు వద్దు అని అడిగేవాళ్లున్నారు. జర్మనీలో 16కే బీరు ఇస్తారు, గోవాలో 18కే అమ్ముతారు. మన పక్కనే గోదావరి డెల్టాలో ఉన్నా పుదుచ్చేరి పాలనలోని యానాంలోనూ 18 చాలు. వాదన కొట్టిపారేయదగింది కాదు. కానీ మనవాడు తాగేది భోజనంతో పాటు ఓ గ్లాసు బీరు కాదు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. విస్కీ అయినా బ్రాందీ అయినా ఆల్కహాలు 42.8 శాతం. లెక్కేస్తే ఒక్క క్వార్టర్‌లో 60 గ్రాముల శుద్ధ ఆల్కహాలు. చాలా దేశాల కొలతలో అది ఆరు డ్రింకులు. దాన్ని ఇద్దరు ఇంటర్ పిల్లలు పది నిమిషాల్లో ఖాళీ చేసి బండెక్కుతారు. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగొచ్చాక 99 రూపాయల క్వార్టర్ కూడా వచ్చింది.

15 ఏళ్లలోపే మొదలుపెట్టిన వారిలో సుమారు 40 శాతం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తాగుడుకు బానిసలయ్యారనీ, 20 దాటాక మొదలుపెట్టిన వారిలో అది 10 శాతమేననీ అమెరికాలో 1997లో వచ్చిన అధ్యయనం చెప్పింది. మనం నిషేధం ఎత్తేసిన ఏడాది కూడా అదే. మెదడు ఎదుగుదల ఇరవైల నడిమి దాకా సాగుతుందని వైద్యులు చెబుతున్నారు. అందుకే 21 సరైన హద్దు అని నా నమ్మకం. కేరళ 2017లో దాన్ని 23 చేసింది. మనం అంకె పెంచుకోనక్కర్లేదు, ఉన్న అంకెను అమలు చేస్తే చాలు.

విజయవాడ చదువుల ఊరు. ఇంటర్ హాస్టళ్లు, కానూరు నుంచి గంగూరు దాకా, కృష్ణ అవతల వడ్డేశ్వరంలో ఇంజనీరింగ్ కాలేజీలు. ఇల్లు వదిలి వచ్చిన పదహారు నుంచి ఇరవై ఏళ్ల పిల్లలు ఇంతమంది ఒక్క చోట ఉన్న ఊళ్లు రాష్ట్రంలో తక్కువ. ఈ ఊళ్లో వయసు నిబంధన పనిచేయకపోతే ఇంకెక్కడా పనిచేయదు. అనుమానం వచ్చిన ప్రతి ఒక్కరినీ కార్డు అడగడం, అడగని దుకాణం లైసెన్సు రద్దు చేయడం ఎక్సైజ్ శాఖకు అసాధ్యమేమీ కాదు. 18 ఏళ్లలోపు పిల్లలకు మద్యం ఇచ్చినవారికి 2015 బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. సీసా తెచ్చిపెట్టే సీనియర్‌కూ, పెళ్లిలో మేనల్లుడి చేతికి గ్లాసందించే మామయ్యకూ ఇది వర్తిస్తుంది. మీ వీధి దుకాణంలో చిన్నపిల్లలకు అమ్మడం కంటపడితే ఎక్సైజ్ స్టేషనుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి.