అమెరికాలో స్థిరనివాసపు హక్కు

మన పల్లెల బిడ్డలు పెక్కండ్రు అమెరికాలో నుద్యోగములు చేయుచున్నారు. వారికచ్చట స్థిరనివాసపు హక్కు లభించుట కింత జాగేల?

1923లో నచ్చటి సుప్రీముకోర్టు భారతీయులు పౌరసత్వమున కనర్హులని తీర్పు చెప్పెను. 1946 శాసనము ఆ హక్కు నిచ్చినను, ఏటికి నూర్గురినే రానిచ్చెను. 1965లో నా పాత వంతులు రద్దయ్యెను. పిదప 1990 శాసనము ఉద్యోగులకు ఏటికి 1,40,000 అనుమతు లేర్పఱచి, ఆలుబిడ్డలను గూడ నందే లెక్కించి, సామాన్యముగా నే దేశమునకును నూటికేడింటికి మించరాదనెను. కోటిమందిగల దేశమునకును, నూటనలువది కోట్ల మనకును నొకే కుంచము! ఇదియు సమత్వమేనట.

2019లో ప్రతినిధుల సభ 365 ఓట్లతో, 65 ఓట్లెదురుండగా, ఉద్యోగులపట్ల నీ కట్టడిని తొలగించు బిల్లు నామోదించెను. మఱుసటి యేటి డిసెంబరులో సెనేటు వేఱొక రూపమున నామోదించెను. రెండును పొందుపడకయే సభాకాలము ముగిసి, బిల్లు మురిగిపోయెను. వంతు రాకముందే యిరువదియొక్క యేండ్లు నిండిన బిడ్డలు సాధారణముగా తల్లిదండ్రుల దరఖాస్తునుండి తొలగిపోవుచున్నారు.