గగనంలో గంటల పంపకం

మా ఉట్నూరులో విమానమంటే ఆకాశంలో తెల్లటి గీత, అంతే. ఆదిలాబాదులో నిజాం కాలంనాటి విమానాల మైదానం ఒకటుందని చెప్పుకోవటమే గాని, మాకు దిక్కు ఎప్పుడూ ఆర్టీసీ బస్సే. సాయంత్రం డాబామీద వడియాలు ఎత్తుకుంటూ తల పైకెత్తితే, దూరాన టేకు చెట్ల మీదుగా ఆ గీత సాగిపోతూ కనిపించేది. "అదిగో, మన పిల్ల పోతోంది" అనేవారు మావారు. మా అక్క కూతురు పైలట్ లెండి. ఆ గీతకీ మా పిల్లకీ ఏ సంబంధమూ లేకపోవచ్చు. అయినా నేనూ చెయ్యి ఊపేదాన్ని.

2020 మార్చి 25న ఆ గీతలు మాయమైపోయాయి. దేశంలో ప్రయాణీకుల విమానాలన్నీ ఆగిపోయి, రెండు నెలల తర్వాత మే 25న కొన్ని మాత్రం మళ్ళీ లేచాయి. అప్పుడే ఒక రాత్రి పిల్ల ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, మా దాంట్ల జీతాలు కోస్తరంట. కొందర్ని జీతం లేకుంట ఇంట్ల కూసోమంటరంట. లిస్టుల నా పేరు అడుగున ఉన్నది."

నా గుండె గుభేలుమంది. ఎందుకంటే దాని చదువుకి మా అక్క ఇంటి కాగితాలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

వాళ్ళలో వాళ్ళకి పెద్ద వాదమే జరిగిందట. 'అందరం కొంచెం కొంచెం వదులుకుందాం, పిల్లల్ని రోడ్డున పడెయ్యొద్దు' అని కొందరు పెద్ద కెప్టెన్లు. 'ఇరవై ఏళ్ళు కష్టపడి ఇక్కడిదాకా వచ్చాం, అప్పులు మాకూ ఉన్నాయి, ఒకసారి తగ్గిన జీతం మళ్ళీ పెరిగిందెక్కడ?' అని ఇంకొందరు. ఆ రెండో మాట అన్నవాళ్ళ మీద నాకు ఒళ్ళు మండిపోయింది. లాక్‌డౌన్ రోజులు, చేతినిండా తీరిక. ఈ పైలట్ల సంగతేమిటో చూద్దామని చదవటం మొదలుపెట్టాను. చదివినకొద్దీ నా కోపం కాస్త మెత్తబడింది.

పైలట్ల జీతం మన గుమాస్తాల జీతంలాంటిది కాదు. ఎగిరిన గంటల లెక్క. నెలకు ఇన్ని గంటలకు తక్కువ కాకుండా ఇస్తామని కంపెనీ ఒక హామీ ఇస్తుంది. వందమంది పైలట్లు, తలకు 70 గంటలనుకోండి. మొత్తం 7,000. ప్రయాణీకులు తగ్గి 6,300 గంటల పనే మిగిలిందనుకుందాం. పదిమందిని ఇంటికి పంపొచ్చు, లేదా తలకు 63 గంటలు పంచుకోవచ్చు. చుట్టాలొస్తే చారులో మరో చెంబెడు నీళ్ళు పోసుకునే లెక్కన్నమాట. మనకిది రోజూ ఉన్న భాగోతమే!

అయితే చారు పలచనైనా పూటకే. జీతం అలా కాదనేదే వాళ్ళ భయం. ఆ భయానికి పాత చరిత్రే ఉంది. 1931లో అమెరికాలో పైలట్లు సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాదే, కార్డ్ అనే ఆసామి తన సెంచరీ విమాన కంపెనీలో పైలట్ల జీతాలు తెగ్గోశాడు. ఒప్పుకోనివాళ్ళని లోపలికి రానివ్వలేదు. దేశమంతా పని కరువు రోజులవి, ఆ జీతానికీ దొరికేవాళ్ళున్నారు. పైలట్లు పట్టు వదల్లేదు. కొన్ని నెలలకే అతను కంపెనీ అమ్ముకున్నాడు. చివరికి 1934లో అక్కడి కార్మిక బోర్డు ఒక తీర్పు ఇచ్చింది. నెలకు 85 గంటలు మించి ఎగరనివ్వకూడదనీ, జీతం ఫలానా విధంగా లెక్కగట్టాలనీ. అంత పోట్లాడి తెచ్చుకున్నదాన్ని 'ఈ ఒక్కసారికీ వదులుకో' అంటే చెయ్యి వెనక్కి పోదూ?

ఆ కరువు రోజుల్లోనే ఇంకో ముచ్చట జరిగింది. అటుకుల్లాంటి ఫలహారం డబ్బాల్లో పెట్టి అమ్మే కెల్లాగ్ కంపెనీ 1930 డిసెంబరులో ఎనిమిది గంటల పాళీని ఆరు గంటలు చేసింది. మూడు పాళీల పని నాలుగు పాళీలకు పంచారు. ఇంకొంతమందికి ఉద్యోగాలొచ్చాయి. తర్వాత మంచి రోజులొచ్చి ఎనిమిది గంటలు మళ్ళీ వచ్చినా, ఆరు గంటలే చాలని 1985 దాకా పట్టుకుని కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మిగిలిన రెండు గంటలూ ఇంట్లో ఏం చేసేవారో మీకు నేను చెప్పాలా?

ఇక 2020. ఇంగ్లండులో బ్రిటిష్ ఎయిర్‌వేస్ పైలట్లు ఓటు వేసుకున్నారు. మొదట నూటికి 20 చొప్పున జీతం వదులుకోవటం, రెండేళ్ళలో ఆ కోత 8కి దిగటం. అయినా 270 మందికి ఉద్యోగాలు పోయాయి. అమెరికాలో యునైటెడ్ కంపెనీ 2,850 మంది పైలట్లని ఆపేస్తానంటే, గంటలు తగ్గించుకోవటానికి సెప్టెంబరులో పైలట్లు ఓటేసి ఆ వేటు తప్పించుకున్నారు. నవంబరులో డెల్టావాళ్ళు హామీ గంటల్లో నూటికి 5 వరకూ వదులుకున్నారు. ప్రతిగా 2022 మొదటి దాకా ఎవర్నీ తియ్యకూడదని రాయించుకున్నారు. అదీ తెలివి! 'ఎన్నాళ్ళు' అన్న మాట కాగితంమీద ఉంటే పెద్దవాళ్ళ భయం సగం తగ్గుతుంది.

ఇందులో కంపెనీ ఔదార్యం కూడా ఉందనుకునేరు, లెక్కే ఉంది. పైలట్‌ను ఇంట్లో కూర్చోబెట్టటం తేలిక కాదు. 90 రోజుల్లో మూడుసార్లు విమానం లేపి దింపకపోతే ప్రయాణీకుల్ని ఎక్కించుకోనివ్వరు. ఉత్తుత్తి విమానంలాంటి సిమ్యులేటర్‌లో పరీక్షలు అవుతూనే ఉండాలి. పెద్ద విమానం నడిపే ఆయన్ని చిన్నదానికి మార్చితే, ఆయన ఇంకొకర్ని కిందకి నెడతాడు. ఆ ప్రతి ఒక్కరికీ మళ్ళీ తర్ఫీదు. 2022 వేసవిలో జనం మళ్ళీ ఎగబడ్డప్పుడు అమెరికాలో పైలట్లు చాలక విమానాలు రద్దు చేసుకున్నారు. 2023లో ఆ డెల్టావాళ్ళకే నాలుగేళ్ళలో నూటికి 34 చొప్పున జీతం పెంచారు.

మన దగ్గర ఓట్లూ లేవు, ఏమీ లేవు. అప్పుడు ప్రభుత్వానిదే అయిన ఎయిరిండియా, 2020 జులైలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళదాకా జీతం లేని సెలవు పథకం పెట్టింది. అదే నెలలో ఇండిగో పదిమందిలో ఒకర్ని తీసేస్తామంది. అంతకుముందు 2018లో జెట్ ఎయిర్‌వేస్ జీతాల కోత మాట ఎత్తితే పైలట్లు కాదన్నారు. తర్వాత జీతాలే ఆలస్యమయ్యాయి. 2019 ఏప్రిల్ 17న ఆ కంపెనీ ఎగరటమే మానేసింది. ఒప్పుకుని ఉంటే బతికేదా అంటే, అప్పులు అంతకంటే పెద్దవి.

ఈ కథలో మన హైదరాబాదుకీ చోటుంది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి బేగంపేటలో దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. ప్రేమ్ మాథుర్ అనే ఆవిడ 1947లో పైలట్ లైసెన్సు తెచ్చుకుంటే, ఆడమనిషి అని ఎనిమిది కంపెనీలు కాదన్నాయట. చేర్చుకున్నది మన దక్కన్ వాళ్ళే. 1953లో అది మరికొన్నిటితో కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయింది. ఆ సంగతి చెబితే మా పిల్ల, "మంచిగనే ఉన్నది గని, ఆమె పేరు లిస్టుల ఎక్కడుండెనో?" అంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పని పంచుకోవటం మా వైపు కొత్త కాదు. జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ ప్రాంతాల్లో చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళనడగండి. నెలలో సగం రోజులకే ఆకూ తంబాకూ ఇస్తే, ఆ సగం జీతంతోనే ఇల్లు నడుస్తుంది. వాళ్ళనెవరూ ఓటడగలేదు. కాగజ్‌నగర్‌లో సిర్పూరు కాగితం మిల్లు 2014లో మూతపడి 2018లో తెరుచుకుంది. ఆ నాలుగేళ్ళు ఆ వీధుల్లో ఇల్లు నడిపిన ఇల్లాళ్ళ లెక్కలు ఏ చరిత్ర పుస్తకంలోనూ దొరకవు.

మా పిల్ల సంగతంటారా? ఉద్యోగం పోలేదు. ఏడాదికి పైగా నెలలో సగం రోజులే పని, సగం కంటే తక్కువ జీతం. అక్క బ్యాంకుకీ కిరాణా కొట్టుకీ మధ్య తిరిగింది. గీతలు మళ్ళీ కనిపించాక డ్యూటీలూ పెరిగాయి.

మొన్న సంక్రాంతికి వచ్చింది. సకినాలు పెట్టి అడిగాను. "ఇప్పుడు లిస్టులో ఎక్కడున్నావే?"

"మధ్యల ఉన్న, చిన్నమ్మా."

"మళ్ళీ అటువంటి రోజులొస్తే? నీకింద ఉన్న పిల్లలకోసం జీతం వదులుకుంటావా?"

వెంటనే జవాబు చెబుతుందనుకున్నాను. సకినం విరిచి, విరిచి, నూవులన్నీ పళ్ళెంలో రాలేదాకా చూస్తూ కూర్చుంది.

"అమ్మ ఇంటి కాగితాలు బ్యాంకుల ఇంక రెండేండ్లు ఉంటయి" అన్నది చివరికి. "ఎన్ని నెలలో కాగితం మీద రాసిస్తే వదులుకుంట. ఇంకో రెండు సకినాలు పెట్టు."